మలి వయసులో సంతానం: ఆశ ఎంత? వాస్తవమెంత?

సంతాన చికిత్స కోసం విశాఖపట్నం దారి పట్టడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలకు కొత్త కాదు. అయితే "74 ఏళ్ల ఆవిడకే పుట్టారట, 45 ఏళ్లకు పుట్టరా?" అన్న ధీమాతో పొలం, పుస్తెలు తాకట్టు పెట్టే ముందు, ఆ 74 ఏళ్ల తల్లి వుదంతంలోని అసలు సంగతి తెలుసుకోవడం అవసరం.

అప్పటి తూర్పు గోదావరి జిల్లా నేలపర్తిపాడుకు చెందిన ఆ మహిళ 2019 సెప్టెంబరు 5న గుంటూరు అహల్య ఆసుపత్రిలో శస్త్రచికిత్స ద్వారా కవల ఆడపిల్లలకు జన్మనిచ్చారు. ఆమె వయసు 74 ఏళ్లని వైద్యులు ప్రకటించారు. అయితే అండం ఆమెది కాదు. ఒక దాత నుంచి తీసుకున్న అండాన్ని భర్త వీర్యకణాలతో ఫలదీకరించి ఆమె గర్భసంచిలో ప్రవేశపెట్టారు. పొలం ఆమెదే గాని, విత్తనం పడుచు మనిషిది. ప్రసవమైన మరునాడే 80 దాటిన ఆమె భర్త పక్షవాతంతో ఆసుపత్రి పాలయ్యారు. ఆ వయసులో పిల్లల్ని పెంచేదెవరన్న ప్రశ్న అప్పుడే తలెత్తింది.

వయసుతో తగ్గేదేమిటి?

స్త్రీ పుట్టుకతోనే అండాలన్నీ కలిగి వుంటుంది. వయసుతో పాటు అవీ ముదురుతాయి. ముట్లుడిగిన తరువాత కూడా గర్భసంచిని మందులతో సిద్ధం చేయవచ్చు గాని, అండాలను పడుచు చేసే మందు ఇంతవరకు లేదు. బ్రిటన్‌లో ఈ చికిత్సలను పర్యవేక్షించే సంస్థ ఇటీవలి లెక్కల ప్రకారం, సొంత అండాలతో తయారైన పిండాన్ని ప్రవేశపెడితే 35 ఏళ్ల లోపు వారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి బిడ్డ దక్కుతోంది. 43, 44 ఏళ్ల వారిలో నూటికి అయిదుగురికే ఆ భాగ్యం. దాత అండమైతే అవకాశం పెరుగుతుంది. కాని రక్తపోటు, చక్కెర వ్యాధి, నెలలు నిండని కాన్పు వంటి ముప్పులు తల్లి వయసును బట్టే వుంటాయి. మూత్రపిండాల వ్యాధితో సతమతమవుతున్న ఉద్దానం ప్రాంత మహిళలు చికిత్సకు ముందే ఆ పరీక్షలు చేయించుకోవడం మరీ ముఖ్యం.

చట్టం ఏమంటున్నది?

2022 జనవరిలో అమలులోకి వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం స్త్రీకి 50, పురుషునికి 55 ఏళ్లు నిండితే ఈ చికిత్స చేయరాదు. గుంటూరు సంఘటన నేడు పునరావృతం కావడానికి వీలు లేదన్న మాట. అండదాత వయసు 23, 35 ఏళ్ల మధ్య వుండాలి. ఆమె జీవితంలో ఒక్కసారే అండదానం చేయాలి. అండాల అమ్మకం నేరం. చికిత్స చేసే కేంద్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

అయినా మోసాలు ఆగలేదు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లోని ఒక సంతాన కేంద్రంపై కేసు నమోదైంది. అద్దె గర్భం ద్వారా విశాఖలో మీ బిడ్డ పుట్టిందని నమ్మించి, దంపతులకు వేరొకరి బిడ్డను అప్పగించారని పోలీసుల అభియోగం. డి.ఎన్.ఎ. పరీక్షతో ఆ గుట్టు బయటపడింది.

ముందుగా మేల్కొనాలి

పిల్లలు కలగకపోతే కోడలిని గొడ్రాలనడం, మొక్కుబడులతో పదేళ్లు గడపడం, నలభై దాటాక అప్పు చేసి పరుగెత్తడం మన పల్లెలలో పరిపాటి. లోపం భర్తలోనూ వుండవచ్చు. అతని వీర్యపరీక్ష తేలిక, ఖర్చూ తక్కువ. అయినా ముందుకు వచ్చే మగవారు తక్కువ. ఏడాది కాపురంలో గర్భం రాకపోతే దంపతులిద్దరూ పరీక్షలు చేయించుకోవాలి. భార్యకు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. ఖరీదైన చికిత్సకు ఒప్పుకునే ముందు "అండం ఎవరిది? మా వయసుకు నూటికి ఎందరికి బిడ్డ దక్కుతోంది? మొత్తం ఖర్చెంత?" అని నిలదీసి అడగాలి.

రిజిస్టరైన కేంద్రాల జాబితాను జిల్లా వైద్యాధికారులు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ తెలుగులో ప్రదర్శించాలి. పొలం చేజారిన తరువాత తెలిసే నిజం వల్ల ఏ కుటుంబానికీ మేలు జరగదు.