సంచి కట్టకపోవడం తవక్కుల్ కాదు

వరద తీసిన తర్వాత మన బస్తీల్లో వినిపించే మాట ఒకటే: "ప్రాణాలు దక్కాయి, కాగితాలు పోయాయి." 2020 అక్టోబరులో హైదరాబాద్ పాతబస్తీలోని హఫీజ్ బాబా నగర్, అల్ జుబైల్ కాలనీ ఇళ్లు మునిగాయి. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌ను ముంచెత్తింది. ప్రాణాలు దక్కినందుకు అల్హమ్దులిల్లాహ్. అయితే కాగితాలు పోవడం చిన్న నష్టమేమీ కాదు.

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవారము. బల్లకు ఆవలివైపు కూర్చుని "ఒరిజినల్ ఏది?" అని అడిగినవారము. వరదలో నాని ముద్దయిన రేషన్ కార్డును కొంగున కట్టుకొని వచ్చిన ఒక వితంతువును "ఇది చెల్లదమ్మా, నకలు తెచ్చుకో" అని తిప్పి పంపాము. నిబంధన ప్రకారం అది తప్పు కాదు. న్యాయం ప్రకారం ముమ్మాటికీ తప్పే. కనుక ఈ మాటలు చెప్పే బాధ్యత మాపై ఉంది.

మస్జిద్ వద్ద ఈ ప్రస్తావన తెస్తే కొందరు పెద్దలు "అల్లాహ్ ఉన్నాడు, సంచి ఎందుకు భాయ్?" అంటారు. ముందు ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌పై భరోసా ఉంచమన్న దైవప్రవక్త (స) బోధను మనం ఎన్ని ఖుత్బాల్లో వినలేదు? ఒంటెను విప్పి వదిలి, దానికి తవక్కుల్ అని పేరు పెట్టడం మన సోమరితనానికి ధర్మం ముసుగు వేయడమే.

పైగా మన కాగితాల కష్టం రెట్టింపు. ఉర్దూలో ఒక్కటే అయిన పేరు ఆధార్‌లో మహమ్మద్, ఓటరు కార్డులో మొహమ్మద్, బడి సర్టిఫికెట్టులో ఎండీ. ఈ ముగ్గురూ ఒక్కరేనని రుజువు చేసే పాత పత్రం నీటిపాలైతే, నకలు కోసం ఎన్ని గడపలు తొక్కాలో మాకు తెలుసు. 2007 నుంచి బీసీ-ఈ వర్గాలకు ఉన్న 4 శాతం రిజర్వేషన్ కూడా ధ్రువపత్రం చేతిలో ఉన్న బిడ్డకే దక్కుతుంది. భర్త పెట్టెలో ఎక్కడో ఉన్న నిఖానామా పోతే ఆ ఇల్లాలి మెహర్, వారసత్వం, పింఛను అన్నీ చిక్కుల్లో పడతాయి.

కాబట్టి ప్రతి ఇంటా ఒక సంచి సిద్ధంగా ఉండాలి. నీరు చొరని కవరులో ఆధార్, రేషన్ కార్డు, జనన, కుల ధ్రువపత్రాలు, చదువు సర్టిఫికెట్లు, నిఖానామా, ఇంటి పత్రాలు, బ్యాంకు పుస్తకం పెట్టాలి. మరో జత నకళ్లు వేరే ఊరి బంధువుల ఇంట ఉంచాలి. డిజిలాకర్‌లో జారీ అయిన పత్రాలకు చట్టరీత్యా అసలుతో సమాన విలువ ఉంది. ఫోనులో తీసుకున్న ఫోటోకు లేదు. కవరుతోపాటు బీపీ, షుగరు మందులు, వాటి చీటీ, టార్చి, పవర్ బ్యాంకు, చిల్లర నోట్లు, నీళ్లు, ఖర్జూరాలు, ఒక జత బట్టలు, ఆడవారికి అవసరమైన నాప్కిన్లు ఉండాలి. ఫోను తడిస్తే నంబర్లు పోతాయి. 112తో సహా ముఖ్యమైన నంబర్లను కాగితంపై రాసుకోవాలి. బీరువా అడుగున పెట్టవద్దు. తలుపు దగ్గర, ఎత్తున తగిలించాలి. అది ఎక్కడుందో ఇంటి యజమానితోపాటు ఇల్లాలికీ, పిల్లలకూ తెలియాలి.

సంచి కట్టడంతో మన బాధ్యత తీరవచ్చు. ప్రభుత్వ బాధ్యత తీరదు. పరిహారం, సహాయం అందించడంలో మతం, కులం, స్త్రీపురుష భేదం ఆధారంగా వివక్ష కూడదని 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ శాసిస్తోంది. మునిగిన మనిషిని మునిగిన కాగితం చూపమనడం పైకి అందరికీ ఒకే నిబంధనలా కనిపిస్తుంది. కానీ దాని దెబ్బ పడేది చెరువు కట్టల కింద, నాలాల అంచున అద్దెకుండే పేదలపైనే. వారిలో మనవారు ఎందరో! పునరావాస కేంద్రంలోనే నకళ్లు జారీ చేసే బల్ల వేయాలి. రుసుము, అఫిడవిట్ అడగకూడదు. పేరులో అక్షరం తేడాను స్థానిక విచారణతో అక్కడే సరిదిద్దాలి. ఇది దయ కాదు, హక్కు.

మస్జిద్ కమిటీలు వచ్చే జుమా నమాజు అనంతరం ఈ పని చేపట్టాలి. చదువుకున్న యువకులు నలుగురు కూర్చుంటే ఒక్క సాయంత్రంలో గల్లీ మొత్తానికి కవర్లు సిద్ధం చేయవచ్చు. మొదట వితంతువుల ఇళ్లకు వెళ్లండి. నాడు మేము తిప్పి పంపిన ఆ తల్లి వంటివారు మరో బల్ల ముందు మళ్లీ ఒట్టి చేతులతో నిలబడకూడదు.