సీటు అమ్మాయిది... ఆప్షను ఎవరిది?

నీట్ ఫలితాలు వచ్చాయంటే చాలు, మెడిసిన్ రాసిన పిల్లలున్న ఇళ్ళలో రెండు నెలల పాటు వేరే మాటే ఉండదు. ర్యాంకెంత, ఏ కాలేజీ వస్తుంది, దగ్గరా దూరమా, పట్నమా పల్లెటూరా... చుట్టాలు, పక్కింటివాళ్ళు, కోచింగ్ సెంటరు వాళ్ళు, చివరికి పాలు పోసే అతను కూడా ఒక సలహా పడేసి పోతాడు. ఈ గోలంతట్లో ఒక్క మనిషి గొంతు మాత్రం వినపడదు. నిద్ర మానుకుని ఆ ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయి గొంతు. అమ్మాయి అని ఎందుకంటున్నానంటే, మగపిల్లాడినైతే కనీసం "నీకేది ఇష్టంరా?" అని అడుగుతారు. ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి ఆ ప్రశ్న కాస్తా "ఎక్కడైతే మనకి బెంగ ఉండదు?" అని మారిపోతుంది.

ఇదివరకు కౌన్సెలింగ్ అంటే తండ్రీ కూతుళ్ళు సర్టిఫికెట్ల సంచీ పట్టుకుని వెళ్ళి, తమ నంబరు పిలిచేదాకా పడిగాపులు పడి, మిగిలిన సీట్లలోంచి అక్కడికక్కడే ఒకటి కోరుకునేవారు. ఇప్పుడు ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని వెబ్ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. సుఖమే. కానీ ఒక చిత్రం గమనించారా? ర్యాంకు అమ్మాయిది. ఓ.టి.పి. మాత్రం చాలా ఇళ్ళలో వాళ్ళ నాన్నగారి ఫోనుకొస్తుంది! ఏ కాలేజీ ముందు, ఏది వెనక అన్నది తేల్చేది కూడా ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే.

ఒకప్పుడు ఈ పేచీ ఇంతగా ఉండేది కాదు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ అంటే పెద్ద ఊరనే అర్థం. హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, విశాఖపట్నంలో 1923లో పెట్టిన ఆంధ్రా మెడికల్ కాలేజీ, 1946 నాటి గుంటూరు, తర్వాత కాకినాడ, వరంగల్, తిరుపతి... ఏది వచ్చినా పట్నమే. 2006లో కడపకి, 2008లో శ్రీకాకుళానికి, ఆదిలాబాద్‌కి రిమ్స్ వచ్చాయి. ఇక తెలంగాణలో 2022లో ఒక్క ఏడాదే ఎనిమిది, 2023లో తొమ్మిది ప్రభుత్వ కాలేజీలు మొదలయ్యాయి. అదే 2023లో ఆంధ్రప్రదేశ్‌లో విజయనగరం, రాజమండ్రి, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో తెరిచారు. 2024లో మన్యంలోని పాడేరులో 50 సీట్లతో కాలేజీ వచ్చింది. ఆసిఫాబాద్‌లో, భూపాలపల్లిలో, ములుగులో డాక్టరు చదువు చదవొచ్చంటే మా చిన్నతనంలో నవ్వేవారు.

పాత పెద్ద కాలేజీ వచ్చే ర్యాంకైతే గొడవే లేదు. గొడవంతా మధ్య ర్యాంకుల దగ్గరే. ఒకవైపు నగరం అంచున ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా సీటు. ఇంకోవైపు ఎక్కడో జిల్లాలో కొత్తగా పెట్టిన ప్రభుత్వ కాలేజీ. ఏది ముందు పెట్టాలి?

పోయిన ఏడాది మా అక్కా వాళ్ళింట్లో ఇదే జరిగింది. "ఆ కొండల్లో ఏముందని? పొద్దుగూకితే బస్సు కూడా ఉండదు" అని అక్క. "రేపు సంబంధాల వాళ్ళు ఎక్కడ చదివిందని అడిగితే ఏ ఊరి పేరు చెప్తాం?" అని బావగారు. అమ్మాయి మాత్రం, "రెండూ ఒకసారి కళ్ళతో చూసొస్తాను నాన్నా, తర్వాత మీరే చెప్పండి" అంది. బావగారికి సెలవు దొరకలేదు, అక్కకి మోకాళ్ళ నొప్పులు. తోడు నేను వెళ్ళాను.

నగరం కాలేజీ చూస్తే కళ్ళు చెదిరాయి. లిఫ్టులు, ఏ.సి. లైబ్రరీ, పెద్ద క్యాంటీను. వార్డులోకి వెళితే తెల్లటి దుప్పట్లు ముడత లేకుండా పరిచి ఉన్నాయి. ఎందుకు ముడత పడలేదంటే, వాటి మీద పడుకున్నవాళ్ళు తక్కువ కనక. "తనిఖీ వాళ్ళొచ్చే రోజున ఊళ్ళ నుంచి వ్యాన్లలో జనాన్ని తెచ్చి పడుకోబెడతారాంటీ, మధ్యాహ్నం భోజనం కూడా పెడతారు" అని ఒక సీనియర్ అమ్మాయి చెవిలో చెప్పింది.

జిల్లా కాలేజీకి జిల్లా ఆసుపత్రే బోధనాసుపత్రి. కాన్పుల వార్డులో మంచాలు చాలక కింద చాపలు. గుమ్మం పక్కన టిఫిను క్యారియర్లు, ఉయ్యాల కట్టిన చీరలు. మూడో ఏడాది చదివే అమ్మాయిని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. "రెండు సబ్జెక్టులకి మేడమ్‌లు ట్రాన్స్‌ఫరై వెళ్ళిపోయారు, ఇంకా ఎవరూ రాలేదు. ఎండాకాలం హాస్టల్లో నీళ్ళకి ఇబ్బంది. కానీ కేసు రాసుకోవడానికి పేషెంటు కోసం వెతుక్కోవాల్సిన పని లేదాంటీ." మా పిల్ల ఆ రాత్రి బస్సులో ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక జిల్లా కాలేజీని పైన పెట్టమంది. బావగారు వారం రోజులు ముభావంగా ఉండి, ఆఖరికి పెట్టారు.

ఇది చెప్పింది పల్లె కాలేజీలన్నీ స్వర్గాలని కాదు. గోడలు లేచినంత తొందరగా ప్రొఫెసర్లు తయారవరు. 2025లో తెలంగాణలోని పలు ప్రభుత్వ మెడికల్ కాలేజీలకు అధ్యాపకుల కొరత, లోటుపాట్ల మీద జాతీయ వైద్య కమిషన్ నోటీసులిచ్చింది. కష్టమైన కేసు వస్తే పెద్దాసుపత్రికి పంపించేస్తారు కనక, గుండె ఆపరేషనో మెదడు ఆపరేషనో అక్కడ పిల్లలకి కనపడదు. అదే గాంధీలో, ఉస్మానియాలో, విశాఖ కె.జి.హెచ్.లో అయితే పుస్తకంలో చదివిన అరుదైన జబ్బు కూడా ఏదో ఒక రోజు మంచం మీద కనిపిస్తుంది. ఆ లాభాన్ని కాదనలేం. అయితే అక్కడ మంచం చుట్టూ ప్రొఫెసరు, పి.జి.లు, హౌస్ సర్జన్లు నిలబడ్డాక, ఎం.బి.బి.ఎస్. పిల్లలు వెనక వరసలో మునివేళ్ళ మీద నిలబడి చూడాల్సిందే. పి.జి.లు తక్కువున్న చోట అదే పిల్లల చేతికి పని ముందుగా వస్తుంది. కుట్లు వెయ్యడం, కాన్పు చెయ్యడం చూస్తే వచ్చే విద్యలు కావు కదా!

ఇక పేరు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం. వాటి కింద ఉన్న కాలేజీ పట్నంలో ఉన్నా, అడవి అంచున ఉన్నా పరీక్ష ఒకటే, పట్టా మీద ముద్ర ఒకటే. పై చదువుకి మళ్ళీ దేశమంతటికీ కలిపి ఇంకో నీట్ రాయాల్సిందే. అందులో కాలేజీ పేరుకి మార్కులు వెయ్యరు. మరి ఆ పేరు పనికొచ్చేది ఎక్కడయ్యా అంటే, శుభలేఖ మీద. నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ, అయిదున్నరేళ్ళ జీవితాన్ని శుభలేఖలో ఒక్క పంక్తి కోసం ఖర్చు పెట్టమనడం ఏం న్యాయం?

రక్షణ మాటకొద్దాం. తల్లిగా నాకూ ఆ భయం తెలుసు, దాన్ని తీసిపారెయ్యను. కానీ పల్లెంటే భయం, పట్నమంటే భద్రం అన్న లెక్క నిలవదు. 2024 ఆగస్టులో ఒక పి.జి. డాక్టరమ్మాయి అత్యాచారానికీ హత్యకీ గురైంది కలకత్తా నగరం నడిబొడ్డున, ఆర్.జి. కర్ ఆసుపత్రిలో. రాత్రి డ్యూటీలో అలిసిపోయి సెమినారు హాల్లో నడుం వాల్చిన పిల్ల. 2023 మేలో కేరళలో కొట్టారక్కర అనే చిన్న ఊరి తాలూకా ఆసుపత్రిలో, పోలీసులు వైద్యానికి తీసుకొచ్చిన మనిషి చేతిలో ఒక హౌస్ సర్జనమ్మాయి కత్తెర పోట్లతో చనిపోయింది. ఒకటి మహానగరం, ఒకటి చిన్న ఊరు. కాబట్టి అడగాల్సింది ఊరు ఎంత పెద్దదని కాదు. రాత్రి డ్యూటీ చేసే ఆడపిల్లలకి విడిగా గది ఉందా, దానికి లోపలి గడియ ఉందా, హాస్టలు నుంచి వార్డుకి వెళ్ళే దారిలో దీపాలున్నాయా, క్యాజువాలిటీ దగ్గర కాపలా మనిషి మెలకువగా ఉంటాడా అని.

పెద్ద ఊళ్ళోనే పెద్ద చదువు అనుకునేవాళ్ళు రాయవేలూరు వైపు చూడాలి. చిత్తూరు, కడప జిల్లాల వాళ్ళకి పెద్ద జబ్బంటే ఆ ఊరి పేరే నోట్లోకొస్తుంది. ఐడా స్కడర్ అక్కడ ఆడవాళ్ళ కోసం వైద్య పాఠశాల తెరిచింది 1918లో. ఆవిడ డాక్టరు కావడానికి కారణం ఒక రాత్రి ముగ్గురు గర్భిణులు పోవడం. తండ్రి డాక్టరై ఉండీ, మగవాడని ఆ ఇళ్ళవాళ్ళు ఆయన్ని లోపలికి రానివ్వలేదు. పట్నాల్లో డాక్టర్లు లేక కాదు, ఆడ డాక్టరు ఆ గుమ్మందాకా రాక. 1969లో సుశీలా నయ్యర్ గాంధీగారి సేవాగ్రామ్‌లో మెడికల్ కాలేజీ పెట్టింది కూడా డాక్టర్లు పల్లె ముఖం చూడాలనే. ప్రతి బ్యాచీ ఒక ఊరిని దత్తత తీసుకోవడం అక్కడి పద్ధతి.

మన ఆసిఫాబాద్, మంచిర్యాలలకి ప్రాణహిత అవతల ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్ రెండు గ్రామాల్లో 650 మంది ఆడవాళ్ళని పరీక్ష చేసి 1989లో లాన్సెట్ పత్రికలో రాశారు. వాళ్ళలో 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి ఉంది. అంతకు ముందు ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నవాళ్ళు 8 శాతమే! ఆవిడ చదివింది నాగపూర్‌లోనేనండీ, పట్నంలోనే. పట్నంలో చదివితే పల్లెకి రారని శపథమేం లేదు. కానీ పల్లెలో పెరిగిన పిల్లలు, పల్లెకి దగ్గరగా చదివిన పిల్లలు అక్కడ నిలబడి పనిచేసే అవకాశం ఎక్కువ. అందుకే వైద్య కళాశాలల్ని పల్లెలకి దగ్గరగా పెట్టండని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనూ, మళ్ళీ 2021లోనూ చెప్పింది.

ఇప్పుడు మన దగ్గరా ఎం.బి.బి.ఎస్. పిల్లలు మొదటి ఏడాది నుంచే ఊళ్ళో కొన్ని కుటుంబాలని దత్తత తీసుకుని, వెళ్ళి వాళ్ళ మంచి చెడ్డలు చూస్తుండాలి. మా అక్క కూతురు సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పింది. తనకిచ్చిన ఇంట్లో నలభై ఏళ్ళావిడ మూడోసారి వెళ్ళాక వంటింట్లోకి పిలిచి, ఎన్నేళ్ళుగానో దాచుకున్న బాధ చెప్పిందట. "నేనింకా మొదటి ఏడాదేనమ్మా, మందులివ్వలేను" అంటే, "ఇవ్వొద్దులే తల్లీ, మగ డాక్టరుకి చెప్పలేక ఊరుకున్నా, నువ్వు రాసుకో" అందట. మా పిల్ల రాసుకుంది, మర్నాడు వాళ్ళ మేడం దగ్గరికి తీసుకెళ్ళింది. నేనిది గొప్ప కోసం చెప్పడం లేదు. ఏ.సి. లైబ్రరీలో ఈ పాఠం దొరకదని చెబుతున్నాను.

కనక తల్లులారా, ఊరి పేరు చూడకండి. ఓ.పి.కి రోజుకి ఎంతమంది వస్తారు, నెలకెన్ని కాన్పులవుతాయి, ఏయే సబ్జెక్టులకి చెప్పేవాళ్ళు నిజంగా ఉన్నారు, హౌస్ సర్జన్లకి స్టైపెండు చేతికిస్తారా కాగితం మీదే ఇస్తారా, హాస్టల్లో నీళ్ళెలా ఉన్నాయి, వేధింపులొస్తే ఫిర్యాదు తీసుకునే కమిటీ బోర్డు మీదుందా, మనుషులతో ఉందా... ఇవి అడగండి. బ్రోచరుని కాదు, అక్కడ చదివే ఆడపిల్లల్ని అడగండి. జవాబులు బాగుంటే పాడేరైనా పంపండి. బాగాలేకపోతే హైదరాబాదైనా మానండి. ప్రభుత్వానికీ ఒక మాట. జిల్లాకొక కాలేజీ అని బోర్డు కట్టి, లోపల పాఠం చెప్పే మనిషిని పెట్టకపోతే, పల్లె పిల్లలకిచ్చింది సీటు కాదు, కుర్చీ మాత్రమే.

అన్నిటికంటే ముఖ్యం, ఎంచుకునేది ఆ అమ్మాయి కావాలి. అయిదారేళ్ళు పోతే ఆమె అర్ధరాత్రి వార్డులో ఒక్కతీ నిలబడి ఒక మనిషి ప్రాణం మీద నిర్ణయం తీసుకోవాలి. అప్పుడు పక్కన నాన్న ఉండడు, మామయ్య ఉండడు. ఆ పని చెయ్యగలదని నమ్మే కదా చదివిస్తున్నాం! అలాంటి పిల్లకి తన కాలేజీ తాను ఎంచుకునే తెలివి లేదనుకుంటే ఎలా? ఈసారి ఆప్షన్లు పెట్టే రాత్రి ఆ ఫోను ఆమె చేతికివ్వండి. కాఫీ కలిపిచ్చి పక్కన కూర్చోండి. అడిగితేనే చెప్పండి.