పట్టపగటి బాంబుదాడులు: గురియు ఫలమును

1939 సెప్టెంబరు 1వ తేదీన, జర్మను సేనలు పోలెండుపై దండెత్తిన దినముననే, అమెరికా అధ్యక్షుడు రూజువెల్టు ఐరోపా రాజ్యములను ఒక్క మాట కోరెను: రక్షణలేని పట్టణములపైనను పౌరజనముపైనను ఆకాశమునుండి బాంబులు వేయవలదని. మూడేండ్లకు, 1942 ఆగష్టు 17న, ఆయన విమానములే ఫ్రాన్సులోని రూయెను రైలుయార్డుపై తొలి భారీదాడి సల్పెను. ఆంగ్లేయులు రాత్రివేళ పట్టణములనే గురిగా కాల్చుచుండిరి; తాము పగటివేళ కర్మాగారమును కంటితో చూచి కొట్టుదుమని అమెరికనులు చెప్పుకొనిరి. నార్డెన్ గురియంత్రముతో 20,000 అడుగుల ఎత్తునుండి ఊరగాయ పీపాలో బాంబు వేయవచ్చునను ప్రగల్భము లోకప్రసిద్ధము. 1943 జనవరిలో కాసాబ్లాంకాలో చర్చిలు ఈ పద్ధతిని మానిపింపజూడగా, జనరల్ ఈకర్ వాదించి నిలుపుకొనెను.

పీపా మాట యటుండనిండు. 1943 ఆగష్టు 17న ష్వైన్‌ఫుర్టు, రేగన్స్‌బుర్గులపైకి వెడలిన 376 విమానములలో 60 తిరిగిరాలేదు. అక్టోబరు 14న మరల ష్వైన్‌ఫుర్టునకు 291 పోగా, మరల 60 నష్టమయ్యెను. ఒక్కొక్క విమానమున పదుగురు. తోడువచ్చు యుద్ధవిమానములు కొంతదూరమునకే మరలిపోవలసివచ్చెడిది. ఇంగ్లండునుండి ఎగిరిన ఎనిమిదవ వైమానికసేనలో సుమారు 26,000 మంది హతులైరి. ఆ యువకుల ధైర్యమును శంకించువారెవరు? శంకింపదగినది వారిని పంపినవారి లెక్క.

ఫలము లేకపోలేదు, ఆశించిన తావున మాత్రము కానరాలేదు. జర్మనుల ఆయుధోత్పత్తి 1944 మధ్యకాలమువరకు పెరుగుచునే వచ్చెను. కాని 1944 ఆరంభమున దూరప్రయాణము చేయగల ముస్టాంగు విమానములు తోడురాగా, బాంబరుల నెదుర్కొనవచ్చిన జర్మను వైమానికులు వేగముగ క్షీణించిరి. బాంబరు ఎర యయ్యెను. జూన్ 6న నార్మండీ తీరమున దిగిన సేనలకు ఆకాశభయము తగ్గుటకు ఇదియే ముఖ్యకారణము. మే మాసమునుండి కృత్రిమ పెట్రోలు కర్మాగారములపై జరిగిన దాడులును సార్థకములే.

ఇక న్యాయవిషయము. నిర్ణీతలక్ష్యములపై వేసిన బాంబులలో సుమారు నూటికి 20 మాత్రమే 1,000 అడుగుల వ్యాసార్ధముగల వలయములో పడెనని 1945లో అమెరికా ప్రభుత్వపు విచారణసంఘమే తేల్చెను. మేఘము క్రమ్మినపుడు రాడారు సాయమున వదలిన బాంబుల గతి చెప్పనేల? కార్యముయొక్క సహజఫలమును కర్త యుద్దేశించినట్లే యెంచవలెనని న్యాయస్థానములలో నిత్యము వాదింతుము. 1945 ఫిబ్రవరి 14న, ముందటిరాత్రి ఆంగ్లేయులు తగులబెట్టిన డ్రెస్డెనుపై, గురి రైలుయార్డని పత్రములలో వ్రాసికొని బాంబులు కురిపించినవారికి, యార్డుచుట్టు ఇండ్లున్నవని తెలియదా? వార్సా, రాటర్డాములను జర్మనులే ముందు కాల్చిరనుట నిజమే. అది శిక్షాతీవ్రతకు సంబంధించిన వాదము గాని, నిర్దోషిత్వమునకు కాదు. అయినను, ఊరినే గురిగా నెంచినవానికిని, గురి తప్పునని యెరిగియు వదలినవానికిని భేదము బొత్తిగ లేదనుటకు మేము సిద్ధముగాలేము. రెండవవానికి ఆపవలసిన హద్దొకటి మిగిలియుండెను.

1923లో హేగునందు కూర్చిన వైమానికయుద్ధ నియమావళిని ఏ రాజ్యమును ఆమోదింపలేదు. ఒక పట్టణమున దూరదూరముగనున్న సైనికలక్ష్యములను ఒక్కటిగా నెంచి బాంబులు వేయుటను 1977 నాటి జెనీవా అదనపు ఒడంబడిక నిషేధించెను. దానిపై అమెరికా ఆ సంవత్సరమే సంతకము చేసెను. ఆమోదముద్ర నేటికిని వేయలేదు.