ఆ బోర్డు తెలుగులో ఎక్కడుంది?

రోడ్డు మీద నించుని రైలుని ఫోటో తియ్యడం నేరం కాదు. ఇంత చిన్న విషయానికి ఒక వ్యాసం రాయాల్సి రావడమే విచిత్రం. 1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియేర్ వాళ్ళ మనుషులు మన దేశంలో మొదటిసారి సినిమా ఆడించినప్పుడు, ఆ చిట్టి చిత్రాల్లో ఒకటి స్టేషన్‌కి రైలు రావడమే. ‘పథేర్ పాంచాలి’ కథ మర్చిపోయినవాళ్ళకి కూడా, రెల్లుపూల మధ్యనించి రైలుని చూడ్డానికి పరిగెత్తిన అక్కాతమ్ముళ్ళు గుర్తుంటారు. ఇవాళ ఒక కుర్రాడు ఓవర్‌బ్రిడ్జి ఫుట్‌పాత్ మీంచి ఫోన్లో రైలుని తీస్తుంటే మాత్రం “ఏయ్, పర్మిషన్ ఉందా?” అని కేక వినిపిస్తుంది.

ఎవరి పర్మిషన్? అది అందరూ నడిచే రోడ్డు.

ప్లాట్‌ఫాం సంగతి నేను మాట్లాడటం లేదు. అది రైల్వేవాళ్ళ స్థలం, షరతులు పెట్టుకోనివ్వండి. పట్టాల మీద నించుని రీల్స్ చేసేవాళ్ళ తరఫున కూడా నేను వకాల్తా పుచ్చుకోవట్లేదు. వాళ్ళకి 1989 రైల్వే చట్టంలో 147వ సెక్షన్ ఉంది: ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నా గొడవల్లా రైల్వే సరిహద్దుకి ఇవతల, జనం తిరిగే చోట ఉన్నవాడి గురించే.

రాజమండ్రి గోదావరి గట్టునే తీసుకోండి. 1900లో కట్టి 1997లో రైళ్ళు ఆపేసిన హేవ్‌లాక్ వంతెన, దాని బదులు వచ్చిన ఆర్చి వంతెన, పైన బస్సులూ కింద రైళ్ళూ నడిచే 1974 నాటి వంతెన. వీటిని ఎన్ని పెళ్ళి ఆల్బముల్లో, ఎన్ని క్యాలెండర్లలో, ఎన్ని సినిమా పాటల్లో చూశాం! వాళ్ళెవరూ గూఢచారులు కారు. వంతెన ముందు పెళ్ళికూతురు ఉంటే అది ఫోటో. పెళ్ళికూతురు లేకుండా, ఒంటరిగా ఒకడు గంటసేపు కాచుకుని కూర్చుని లాలాగూడ షెడ్డు ఇంజన్ని తీస్తే అది అనుమానాస్పదం. అంటే ఇక్కడ అడ్డొస్తున్నది చట్టం కాదు, మనకర్థం కాని ఇష్టం ఎదుటివాడికి ఉందన్న చిరాకు.

చట్టం ఏమంటుందో చూద్దాం. ఇలాంటప్పుడు బెదిరించడానికి వాడే పేరు 1923 నాటి అధికార రహస్యాల చట్టం. తెల్లవాళ్ళు రాసిన ఈ చట్టం కూడా రైలు కనిపించిన ప్రతి చోటునీ నిషిద్ధ ప్రదేశం అనలేదు. సెక్షన్ 2(8) ప్రకారం ఒక రైల్వే లైను నిషిద్ధ ప్రదేశం కావాలంటే, దాని సమాచారం శత్రువుకి ఉపయోగపడుతుందన్న కారణంతో కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చెయ్యాలి. అంతటితో అయిపోదు. ఆ నోటిఫికేషన్ ప్రతిని ఇంగ్లీషులోనూ, స్థానిక భాషలోనూ అక్కడ అంటించాలి. ఆ పైన ఫోటో తీసినవాడికి దేశానికి హాని చేసే ఉద్దేశం ఉండాలని సెక్షన్ 3 చెప్తుంది. నన్ను ఆపే ప్రతి అధికారినీ నేను అడగాలనుకునేది ఒక్కటే: ఆ కాగితం తెలుగులో ఎక్కడ అంటించారు సార్? చూపిస్తే కెమెరా దించేస్తాను. 2022లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, పోలీస్ స్టేషన్ కూడా ఈ నిర్వచనంలోకి రాదని, అక్కడ వీడియో తీసినవాడి మీద పెట్టిన రహస్యాల కేసు కొట్టేసింది. ఇక ఓవర్‌బ్రిడ్జి ఎక్కడ?

“పైనుంచి ఆర్డర్లున్నాయి” అనేది రెండో మాట. 1962లో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, యూపీ పోలీసులు రాత్రిపూట ఇంటికొచ్చి తలుపు తట్టడానికి ఆధారమైన నిబంధనలు శాఖ తనకి తాను రాసుకున్న సూచనలేగానీ చట్టం కావని తేల్చింది. అరవయ్యేళ్ళు దాటింది. సర్క్యులర్ చట్టం కాదన్న కబురు కానిస్టేబుల్ దాకా ఇంకా చేరలేదు.

ఇక డిలీట్ సంగతి. ఒక ఊళ్ళో, పేరెందుకులెండి, రోడ్డు మీద నించుని గూడ్సు బండి తీసినందుకు నా ఫోన్ లాక్కుని నలభైకి పైగా ఫోటోలు తీసేశారు. అవి ‘రీసెంట్లీ డిలీటెడ్’ ఫోల్డర్లో నెల్లాళ్ళు క్షేమంగా ఉంటాయని ఆయనకి నేను చెప్పలేదు. మా ఉద్యోగంలో ఇలాంటివాటికి రెండు దారుల షరతు రాస్తాం. ఫోటో తియ్యడం నేరమైతే ఆ ఫోటో సాక్ష్యం; చెరిపేస్తే సాక్ష్యం మాయం చేసినట్టు. నేరం కాకపోతే అది నా సొత్తు. ఏ దారిన వెళ్ళినా చెరిపే అధికారం రాదు.

భద్రత అంటారు. 2008 నవంబరు 26న సీఎస్‌టీ స్టేషన్లో కసబ్ తుపాకీతో నడుస్తుండగా తీసిన ఫోటో గుర్తుందా? అది తీసింది ముంబై మిర్రర్ ఫోటోగ్రాఫర్ సెబాస్టియన్ డిసౌజా. ఆయనే కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాడు. రైలు ఏ నిమిషానికి ఎక్కడుందో రైల్వే తనే ఆన్‌లైన్లో చెప్తోంది, యార్డులన్నీ ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తూనే ఉన్నాయి. గట్టు మీద కుర్రాడి దగ్గర శత్రువుకి కొత్తగా దొరికేదేంటి? ఈ జబ్బు మనకొక్కళ్ళకే కాదులెండి. 2008 డిసెంబరులో న్యూయార్క్ పెన్ స్టేషన్లో, ఆమ్‌ట్రాక్ పెట్టిన ఫోటో పోటీకోసం రైళ్ళు తీస్తున్నాయన్ని ఆమ్‌ట్రాక్ పోలీసులే అరెస్టు చేశారు.

ఈ చిరాకుకి మనం చెల్లించిన ధర ఉంది. భారతీయ రైలింజన్ల చరిత్రకి నమ్మకంగా తిరగేసే పుస్తకం, నాలుగు భాగాల ‘ఇండియన్ లోకోమోటివ్స్’, రాసింది హ్యూ హ్యూస్ అనే ఇంగ్లీషాయన. కాచిగూడ నించి మన్మాడ్ వెళ్ళే మీటర్‌గేజి బండిలో మా తాత ఎన్నేళ్ళు తిరిగాడో లెక్కలేదు. మా ఇంట్లో ఆ బండి ఫోటో ఒక్కటీ లేదు. అప్పట్లో కెమెరా కొనలేకపోవడం పెద్ద కారణమే, ఒప్పుకుంటాను. ఇప్పుడు ప్రతి జేబులో కెమెరా ఉంది, ఆ లైను మాత్రం బ్రాడ్‌గేజి అయిపోయింది.

రైళ్ళ పిచ్చి ఉన్న మిత్రులమీద కూడా నాకు కోపమే. “వినయంగా మాట్లాడు, పాత ఫోటోలు చూపించు, కుదరకపోతే జారుకో” అని కొత్తవాళ్ళకి నేర్పిస్తారు. ఇరవయ్యేళ్ళ పిల్లాడికి, తప్పు చెయ్యకపోయినా దొంగలా ఎలా మసలుకోవాలో నేర్పడం కాదా ఇది? దాని బదులు పది రూపాయల ఫీజు కట్టి, సమాచార హక్కు కింద ఒక్కో డివిజన్‌కి ఒక్కో దరఖాస్తు పెట్టొచ్చు. గెజిట్ అంటేనే జనానికి ప్రకటించడం కాబట్టి భద్రత పేరుతో దాచే వీలూ లేదు. మీ పరిధిలో సెక్షన్ 2(8) కింద నోటిఫై అయిన వంతెనలు, లైన్లు ఏవి? నోటిఫికేషన్ నంబరు, తేదీ ఎంత? దాని తెలుగు ప్రతిని ఏ స్తంభానికి అంటించారు?