కొల్లేటి చేపకు దారి వదలండి

మృగశిర కార్తె వచ్చిందంటే ఆ రోజు ఇంట్లో చేపల పులుసు ఉడకాల్సిందే. వానాకాలం జబ్బులు దరిచేరవని పెద్దవాళ్ల నమ్మకం. ఆ ఒక్కరోజూ చేప ధరకు రెక్కలొస్తాయి. అయినా సంచీ పట్టుకుని వెళతాం. తీరా చూస్తే అక్కడ ఉండేవేమిటి? బొచ్చె, శీలావతి, రూప్‌చంద్... అన్నీ మేత వేసి పెంచిన చెరువు చేపలే!

మరి చిన్నప్పుడు మన అమ్మమ్మలు బూడిద రాసి, బండ మీద రుద్ది, మట్టిదాకలో పులుసు పెట్టిన ఆ కొర్రమీను ఏది? మట్టగిడసలు, ఇంగిలాయిలు, వాలుగలు, జెల్లలు, పరిగెలు ఏమయ్యాయి? ఒకవేళ కనిపించినా, ధర వింటే మళ్లీ బొచ్చె దగ్గరికే రావాల్సి వస్తోంది.

జవాబు కోసం కొల్లేటిదాకా వెళ్లాలి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. వానలు పడి సరస్సు పొంగితే నీళ్లు చుట్టుపక్కల పల్లంలోకి పరుచుకుంటాయి. ఆ కొత్తనీటికి చేపలు ఎదురెక్కుతాయి. లోతు తక్కువ చోట, తుంగ, నాచు మధ్య గుడ్లు పెడతాయి. నీళ్లు తీసేసరికి పిల్లలు సరస్సులోకి దిగుతాయి. ఎవరూ విత్తనం చల్లకుండా, ఎరువు వెయ్యకుండా తరతరాలుగా పండిన పంట ఇది.

కొర్రమీను సంగతే చూడండి. గుడ్లు పెట్టాక తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి. పిల్లలు ఎర్రగా గుంపుకట్టి నీటిపైకి వస్తుంటే వెన్నంటే తిరుగుతాయి. సరిగ్గా ఆ సమయంలో పెద్దచేపను పట్టేశామా, ఆ గుంపు మిగతా చేపల పాలో, కొంగల పాలో అవుతుంది. మన దాకలోకి ఒక్క చేప వస్తే, నీళ్లలో ఒక సంసారమే కూలిపోతుందన్నమాట!

1970ల నుంచి కొల్లేట్లో చేపల చెరువుల గట్లు లేవడం మొదలైంది. 1999లో ప్రభుత్వం +5 కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ జాబితాలో చోటు దక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లు కొట్టేశారు. ఆ తర్వాత చాలాచోట్ల మళ్లీ లేచాయి. గట్టు లేచినచోట చేప ఎదురెక్కే దారి మూసుకుపోతుంది. దానికి తోడు పట్టణాల మురుగు, పొలాల పురుగుమందులు, గుర్రపుడెక్క. చాలదన్నట్టు పరాయి దేశాల నుంచి వచ్చిన దెయ్యం చేప కూడా కొల్లేట్లో చేరింది. నీటిదారులు మూస్తే నష్టం చేపకే కాదు. బుడమేరు పొంగితే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో విజయవాడ చూసింది.

ఇందులో ఆడవాళ్ల గొడవేముంది అంటారా? చాలా ఉంది. చెరువు చేప మంచు పెట్టెల్లో, లారీల్లో కోల్‌కతాకూ అస్సాంకూ పోతుంది. కౌలు లెక్కలు మగవాళ్ల మధ్యే తేలిపోతాయి. సరస్సు చేప అలా కాదు. దాన్ని గంపకెత్తి ఊరూరా అమ్మేది, ఎండబెట్టి దాచేది లంక గ్రామాల ఆడవాళ్లు. అమ్మగా మిగిలిన చిన్నచేపలు పిల్లల కంచాల్లోకి వస్తాయి. ముల్లుతో సహా నమిలి తినే ఆ చేపల్లో ఎముకలకు కావలసిన కాల్షియం ఉంటుంది. సరస్సులో చేప పోతే ఆ తల్లి చేతి డబ్బూ పోతుంది, పిల్లల కంచంలో బలమూ పోతుంది.

చేపపిల్లలు తెచ్చి వదిలితే సరిపోదా? నాయకులు బిందెలతో పిల్లలను వదిలే ఫొటోలు పేపర్లో చూస్తూనే ఉంటాం. జలాశయాలకు అది మేలే. కానీ గుడ్లు పెట్టే చోటే లేనప్పుడు ఏటేటా పిల్లలు కొనుక్కుంటూనే ఉండాలి. పొరుగున ఒడిశాలో చిలికాను చూడండి. అది ఉప్పునీరూ మంచినీరూ కలిసే సరస్సు. సముద్రంతో దారి పూడిపోయి చేప తగ్గిపోతే, 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వారు. నీటికి దారి దొరికింది, చేప తిరిగి వచ్చింది. కొద్దికాలంలోనే వేట అనేక రెట్లు పెరిగింది.

కొల్లేటికీ దారి కావాలి. ఏరుల నోళ్లకు అడ్డుపడ్డ గట్లు తియ్యాలి, ఉప్పుటేరు పూడిక తియ్యాలి. అయితే ఆ చెరువుల మీదే బతికే పేదల సంగతి ముందు చూడాలి. వాళ్ల పొట్టకొట్టి తీసిన గట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది? సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆపుతున్నాం కదా! సరస్సులోనూ తొలివానలప్పుడు కొన్ని వారాలు వలకు విశ్రాంతి ఇవ్వాలి, ఆ రోజులకు మత్స్యకార కుటుంబాలకు భృతి ఇవ్వాలి. సన్నకన్ను వలలు మానాలి. కొన్ని లోతు మడుగులను వేట లేకుండా వదిలెయ్యాలి. ఈ నిర్ణయాలు చేసే సంఘాల్లో గంప మోసే ఆడవాళ్లకూ కుర్చీ వెయ్యాలి. ఏ చేప ఎప్పుడు గుడ్డుతో ఉంటుందో, దాన్ని కోసే చెయ్యికి తెలియదా?

ఇక మన వంతు. మృగశిర నాడు పులుసు మానక్కర్లేదు. ఆ రోజుకు చెరువు చేపే వండుకుందాం. ఎదురెక్కే ఏటి చేపను గుడ్లు పెట్టుకోనిద్దాం. పిల్ల కొర్రమీనులు ఎంత చవగ్గా ఇచ్చినా వద్దందాం. గంప ముందు కూర్చున్నప్పుడు బేరానికి ముందు ఒక్కమాట అడుగుదాం... ‘ఇది ఎక్కడి చేపమ్మా?’ అని.