ఉప్పుంటేనే ఉలుకూ పలుకూ!

మే నెల. శ్రీసత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల పొద్దున పది దాటితే ఎండ నిప్పులు చెరుగుతుంది. అయినా చెనిక్కాయ విత్తేలోపు చేను బాగుచేసుకోక తప్పదు. కంపచెట్లు కొట్టి గట్టున వేస్తున్న ఓ రైతు కాలికి ముల్లు దిగిందనుకుందాం. 'అబ్బా' అనేలోపే కాలు పైకి లేస్తుంది. నొప్పి సంగతి మెదడుకు తెలియకముందే 'లాగెయ్' అని వెన్నుపాము ఆజ్ఞ ఇచ్చేస్తుంది. ఆ కబురును రెప్పపాటులో మోసింది విద్యుత్తే. ఒంట్లో రాగి తీగలు లేవు, మీటరు లేదు. మరి కరెంటు ఎక్కడిది?

ఉప్పుది!

ఎంత తిట్టినా చలనం లేనివాణ్ని 'ఉప్పూ కారం తినడంలేదా' అని పెద్దలు దెప్పుతారు. వాళ్లన్నది రోషం గురించే కానీ, ఆ మాటలో బోలెడు సైన్సుంది.

ఉప్పు నీళ్లలో కరిగితే సోడియం, క్లోరైడ్‌లుగా విడిపోతుంది. సోడియం ధన విద్యుదావేశాన్నీ, క్లోరైడ్ రుణావేశాన్నీ మోస్తుంటాయి. ఇలా ఆవేశమున్న రేణువులే అయాన్లు. అరటిపండులోనూ కొబ్బరినీళ్లలోనూ ఉండే పొటాషియమూ ధనావేశమున్న అయానే. నాడీకణం వీటిని కలగాపులగంగా ఉండనివ్వదు. కణం బయట సోడియం లోపలికన్నా పది రెట్లకు పైగా ఎక్కువ. లోపలేమో పొటాషియం బయటికన్నా దాదాపు ముప్ఫై రెట్లు ఎక్కువ. మధ్యలో గోడలా కణపొర.

ఆ పొరలో పొటాషియం వెళ్లేందుకు కొన్ని సన్నని దారులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. లోపల కిక్కిరిసిన పొటాషియం వాటిగుండా కొద్దికొద్దిగా బయటికి జారుకుంటుంది. పోతూపోతూ తన ధనావేశాన్నీ పట్టుకుపోతుంది. దాంతో లోపలివైపు రుణావేశం మిగిలి, మళ్లీ పొటాషియాన్ని వెనక్కి లాగుతుంది. ఈ తోపులాట కుదుటపడేసరికి పొరకు అటూ ఇటూ సుమారు 70 మిల్లీవోల్టుల తేడా నిలుస్తుంది. టార్చిలైటు బ్యాటరీలో ఇరవయ్యో వంతన్నమాట!

ఇక సోడియం సంగతి. కట్టకు ఒకపక్క చెరువు నిండుగా ఉండి, తూము మూసి ఉందనుకోండి. తూము ఎత్తగానే నీళ్లు ఎలా దూకుతాయో, ముల్లు గుచ్చుకోగానే నాడీకణంలో సోడియం తలుపులు తెరుచుకుని సోడియం అలా లోపలికి దూకుతుంది. సెకనులో వెయ్యో వంతు సేపు లోపలివైపు ధనావేశంగా మారిపోతుంది. ఆ మార్పు పక్కనున్న తలుపును తెరుస్తుంది, అది ఆ పక్కదాన్ని... అలా కబురు పాదం నుంచి పైకి పాకిపోతుంది. వెనకాలే పొటాషియం బయటికి వచ్చి పరిస్థితిని చక్కదిద్దుతుంది. పన్ను పీకేముందు దంతవైద్యుడిచ్చే లిగ్నోకైన్ ఇంజెక్షన్ చేసే పని ఈ సోడియం తలుపులకు గడియ పెట్టడమే. కబురు కదలదు, నొప్పి తెలియదు.

ఈ గుట్టును విప్పింది బ్రిటన్ శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ. స్క్విడ్ అనే సముద్రజీవిలోని లావాటి నరంపై ప్రయోగాలు చేసి 1952లో లెక్కలతో సహా ప్రకటించారు. 1963లో నోబెల్ అందుకున్నారు.

లోపలికి వచ్చిన సోడియాన్ని మళ్లీ తోడిపోసేదెవరు? కణపొరలోనే ఓ పంపు ఉంది. మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో దీన్ని గుర్తించారు. ఈ మోటారుకు ఇంధనం ఏటీపీ. దాన్ని కండరంలో కనుగొన్నవారిలో మన తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఆ ఘనత సాధించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు.

ఇప్పుడు మళ్లీ చేలోకి వద్దాం. ఎండలో కారే చెమట ఉప్పగా ఉంటుందని అందరికీ తెలుసు. అంటే నీటితోపాటు సోడియమూ పోతోంది. గంటల తరబడి చెమటోడ్చిన మనిషి చెంబులకు చెంబులు మంచినీళ్లే తాగితే నీరు తిరిగొస్తుంది, ఉప్పు రాదు. రక్తంలో లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్‌లు ఉండాల్సిన సోడియం బాగా పడిపోతే నీరు మెదడు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయి. తలనొప్పి, వాంతులు, తికమక, చివరికి ఫిట్స్. పొటాషియం తేడా చేస్తే కండరాల నీరసం, గుండె లయ తప్పడం. బీపీకి నీటిమాత్రలు వాడే పెద్దవాళ్లలో ఈ రెండూ తగ్గే ప్రమాదముంది.

అందుకే పనికెళ్లేవాళ్ల సద్దిమూటతోపాటు ఉప్పు వేసిన మజ్జిగో అంబలో ఉండాలి. బాగా చెమటపోసినా, విరేచనాలైనా ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీటిలో కలిపి తాగాలి. అది దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపాలి. రెండూ తలకొట్టి కొలవాలి సుమా! పంచదార రుచికోసం కాదు. అందులోని గ్లూకోజు పేగుల్లో సోడియాన్ని వెంటబెట్టుకుని రక్తంలోకి వెళుతుంది, ఆ వెనకే నీరూ వెళుతుంది. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం ముందే డాక్టరును అడగాలి. మనిషి మాట తడబడుతున్నా, స్పృహ తప్పినా నోట్లో ఏమీ పోయకుండా, నీడకు చేర్చి, ఒళ్లు తడుపుతూ వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

అలాగని ఉప్పు డబ్బా ముందేసుకోకూడదు. రోజుకు ఐదు గ్రాముల లోపే చాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నాడికి కావలసింది ఉప్పు రాశి కాదు, పొరకు అటూ ఇటూ ఉండే ఆ కాస్త తేడా. అది నిలిచినంత కాలమే ముల్లు దిగితే 'అబ్బా' అంటాం, పిలిస్తే పలుకుతాం!