ఊరికో ఛాయాస్తంభం

నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్లినవాళ్లు బుద్ధుడి విగ్రహం ముందు ఆగుతారు. చెక్కడాల ముందు ఆగుతారు. అక్కడే ఉన్న కొన్ని నిలువురాళ్లను మాత్రం చాలామంది పట్టించుకోరు. లాంచీ వెళ్లిపోతుందేమోనని తొందర! ఆ రాళ్ల పేరు ఛాయాస్తంభాలు. పోయినవాళ్ల గుర్తుగా నాటినవి. దాదాపు పదిహేడు వందల ఏళ్ల కిందట ఈ లోయలో విజయపురి నగరం కళకళలాడుతున్నప్పుడు, ఇక్ష్వాకులు ఏలుతున్నప్పుడు ఇక్కడివాళ్లకు అదో ఆనవాయితీ. ఆ వంశంలో మొదటి రాజు శాంతమూలుడికి ఆయన ఇంటి ఆడవాళ్లంతా కలిసి స్తంభం ఎత్తించారు. కొడుకు వీరపురుషదత్తుడి పాలనలో ఇరవయ్యో ఏట జరిగిందా పని. అంటే దుఃఖానికి గడువు లేదన్నమాట. పైగా అది రాజులకే పరిమితం కాలేదు. యుద్ధంలో పడిపోయిన సైనికులకూ రాళ్లు లేచాయి. చేతిపనివాళ్ల పెద్ద ఒకాయనకీ లేచింది.

అంతమందికి రాయి నాటిన ఆ లోయలో, చివరిదాకా బతికిన పల్లెలకు మాత్రం ఏ రాయీ లేదు.

నాగార్జునకొండ లోయ అంటే మూడు వైపులా నల్లమల గుట్టలు, నాలుగో వైపు కృష్ణమ్మ. మధ్యలో పొలాలు, గొడ్లు, వాగులు, పుల్లారెడ్డిగూడెం లాంటి చిన్న ఊళ్లు. 1926లో అక్కడి శిథిలాల సంగతి పురావస్తు శాఖకు తెలిసింది. ఆ తర్వాత కొన్నేళ్లు తవ్వకాలు జరిగాయి, మళ్లీ ఆగాయి. ఆనకట్ట ఖాయమయ్యాక ఒక్కసారిగా హడావుడి మొదలైంది. 1954లో ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ లోయలోకి దిగింది. ఆ మరుసటి ఏడాది డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఒకపక్క ఆనకట్ట లేస్తోంది, ఇంకోపక్క తవ్వకం సాగుతోంది. 1960 దాకా అదే పందెం! రాతియుగం పనిముట్ల దగ్గర్నుంచి మధ్యయుగాల గుళ్ల దాకా దొరికినవన్నీ పైకి తీశారు. తొమ్మిది కట్టడాలను విప్పి మళ్లీ నిలబెట్టారు. కొన్నింటికి నమూనాలు కట్టారు. లోయ మధ్యలోని కొండ ఇప్పుడు దీవి. దాని మీద మ్యూజియం వచ్చింది. మిగిలిన కొన్ని కట్టడాలు ఒడ్డునే, అనుపులో ఉన్నాయి.

ఇటుక ఇటుకా లెక్కపెట్టి కొండెక్కించిన ఆ శ్రద్ధకు చేతులెత్తి దండం పెట్టాల్సిందే. అందులో సందేహం లేదు. అయితే ఆ శ్రద్ధంతా చచ్చిపోయిన నగరం మీద. బతికున్న ఊరిని ఎత్తి కొండ మీద పెట్టడం ఎవరి తరమూ కాదు.

ముంపు ఊళ్లలో ఎక్కడైనా కనిపించే దృశ్యం ఒకటుంది. ఖాళీ చేసే రోజులు దగ్గర పడేసరికి మనుషులు తమ ఇళ్లను తామే విప్పుకుంటారు. తలుపులు, దర్వాజాలు, దూలాలు ఊడదీస్తారు. పల్నాడులో అయితే నాపరాళ్లు కూడా. రోకలి, తిరగలి, గాబు, గాటి కొయ్యలు... పనికొచ్చేవన్నీ బండికెక్కుతాయి. తర్వాత మొదలవుతుంది అసలు చిక్కు. బావిని ఎలా ఎక్కిస్తారు? వాకిట్లో వేపచెట్టు నీడనో? తాతను పూడ్చిన చోటునో? పోతురాజును కొత్తచోట నిలపొచ్చు, బొడ్రాయిని మళ్లీ నాటొచ్చు. ‘వాగవతలి చేను’, ‘జంట తాళ్ల కయ్య’ లాంటి పేర్లను మాత్రం ఎక్కడ నాటాలి? అవి కాగితం మీద లేవు. రెవెన్యూవాళ్లకు తెలిసింది సర్వే నంబరే. నీళ్లొచ్చిన రోజున ఆ పేర్లకు పని పోయింది.

పక్కింటి వరస కూడా అంతే. ఈ గోడ మీదుగా కూర గిన్నె అందిస్తే ఆ చేత్తో అందుకునే మనిషి, కొత్త కాలనీలో నాలుగు వీధుల అవతల పడుతుంది. నాలుగు వీధులే కదా అనిపిస్తుంది చూసేవాళ్లకు. ఆ గిన్నె మళ్లీ చేతులు మారదు.

ఈ దుఃఖం ఒకటుందని చట్టానికీ తెలుసు! 1894 నాటి భూసేకరణ చట్టంలో మార్కెట్ విలువ మీద అదనంగా ‘సొలేషియం’ అని ఇచ్చేవారు. ఆ లాటిన్ మాటకు ఓదార్పు అని అర్థం. ఇష్టం లేకుండా తీసుకుంటున్నందుకు అన్నమాట. మొదట అది 15 శాతం. 1984 సవరణతో 30 శాతమైంది. 2013 చట్టం 100 శాతం చేసింది. అంటే సాగర్ కట్టేనాటికి రూపాయికి పదిహేను పైసల ఓదార్పు! చింతచెట్టుకు ఇంతని లెక్క కట్టారు. దాని కింద గడిచిన మధ్యాహ్నాలకు మాత్రం పట్టికలో గడి లేదు.

చోటు పోతే కలిగే బాధ మనిషి పోతే కలిగే బాధలాంటిదేనని చాలాకాలం ఎవరూ గట్టిగా చెప్పలేదు. చెప్పినవాళ్లలో అమెరికా మనస్తత్వవేత్త మార్క్ ఫ్రీడ్ ఒకరు. బోస్టన్‌లో వెస్ట్ఎండ్ అనే పాత పేటను 1950ల చివర్లో పడగొట్టారు. అక్కణ్నుంచి వెళ్లగొట్టిన వాళ్లను ఆయన బృందం ఆ తర్వాత కలిసి మాట్లాడింది. ఆడవాళ్లలో 46 శాతం, మగవాళ్లలో 38 శాతం మందిలో తీవ్రమైన శోకం కనబడింది. కొందరికి రెండేళ్లయినా తగ్గలేదు. 1963లో ఆ వ్యాసానికి ఆయన పెట్టిన పేరు కూడా పోయిన ఇంటి కోసం శోకించడం గురించే. వాళ్లు కుమిలింది ఒక్క ఇంటి కోసమే కాదట. వీధి మొగ, అరుగు, రోజూ కనబడే మొహాలు... వాటన్నిటి కోసం.

నిప్పుకైనా నీటికైనా ఇందులో తేడా లేదు. అయితే పోయాక మిగిలే దాంట్లో తేడా ఉంది. ఎండాకాలంలో గుడిసెలు అంటుకోవడం పల్నాడుకు కొత్త కాదు. వాడంతా బుగ్గయినా అదే చోట మళ్లీ నిట్రాడు పాతుకుంటారు. నిలబడి ఏడవడానికి నేల ఉంటుంది. 2023 ఆగస్టులో హవాయి దీవుల్లోని లహైనా పట్టణాన్ని కార్చిచ్చు మింగేసింది. దాదాపు వంద మంది చనిపోయారు. వీధులకు వీధులు బూడిదయ్యాయి. ఆ ఊరి నడిబొడ్డున 1873లో నాటిన మర్రిచెట్టు ఉంది. మన దేశం నుంచి వెళ్లిన మొక్కే అది. మంటల్లో మాడిపోయిన ఆ మర్రి కొన్ని వారాలకు చిగురేసింది. ఊరు పోయినవాళ్లు ఆ చిగుళ్లను చూసి కళ్లు తుడుచుకున్నారు. మునిగిన ఊళ్లో చెట్టు చిగురేయదు. వెళ్లి చూడటానికి దారే ఉండదు.

ఇంకో ఇబ్బంది ఉంది. ఇది పైకి చెప్పుకోలేని బాధ. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ మీద ఎన్ని చేలు పచ్చబడ్డాయో, ఎన్ని కుటుంబాలు నిలదొక్కుకున్నాయో నరసరావుపేట వైపు వెళ్లి చూస్తే తెలుస్తుంది. అందరూ సంబరపడుతుంటే ఒకడు మా ఊరు పోయిందని ఏడిస్తే బాగుంటుందా? అందుకే గొంతులోనే దిగమింగారు. అలాగని నీళ్లు అందరికీ అందాయా అంటే అదీ లేదు. సాగర్‌కు కూతవేటు దూరంలో ఉండి కూడా వెల్దుర్తి వైపు మెట్ట రైతులు వరికపూడిశెల ఎత్తిపోతల కోసం దశాబ్దాలు ఎదురుచూశారు. దానికి 2023 నవంబరులో శంకుస్థాపన జరిగింది.

సాగర్‌తోనే అయిపోలేదు. దిగువన పులిచింతల వచ్చింది. 2013 డిసెంబరులో ప్రారంభమైన ఆ ప్రాజెక్టు కింద కృష్ణకు రెండు వైపులా పల్లెలు ఖాళీ అయ్యాయి. పల్నాడు వైపున్న కొల్లూరూ వాటిలో ఒకటి. ఒకప్పుడు వజ్రాల గనులకు లోకమంతా వినిపించిన పేరు. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే అక్కడికొచ్చి, 60 వేల మంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. కోహినూర్ అక్కడిదేనంటారు. ఆ వజ్రం ఎవరిదని ఇప్పటికీ దేశాల మధ్య వాదులాట జరుగుతూనే ఉంది. కొల్లూరు ఎక్కడికి పోయిందని మాత్రం ఎవరూ అడగరు!

అలాగని గుర్తుపెట్టుకోవడం పల్నాటికి చేతకాదా అంటే, అంతకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి యుద్ధంలో పోయిన వీరుల కోసం ఏటా కార్తీకంలో కారంపూడి నిండిపోతుంది. ఆయుధాలకు పూజలు చేస్తారు. కథ పాడతారు. చూడని మనుషుల కోసం కన్నీళ్లు పెట్టుకుంటారు. మునిగిన ఊళ్లకు పంచాంగంలో అలాంటి తిథి లేదు. ఆ ఊళ్లను చూసిన వాళ్లేమో ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. సాగర్ ముంపునాటి పదేళ్ల పిల్లకు ఇప్పుడు డెబ్బై దగ్గర. ‘మీదే ఊరు?’ అనడిగితే ఆ తరం వాళ్లు ఒక్క పేరుతో ఆపరు. ఇప్పుడుంటున్న ఊరు చెప్పి, ఒక్క క్షణం ఆగి, ‘మాది అసలు...’ అని ఇంకో పేరు కలుపుతారు. వాళ్ల మనవళ్లు మొదటి పేరుతోనే ఆపేస్తున్నారు.

విజయపురి సౌత్‌లో లాంచీ బయల్దేరుతుంది. సెలవురోజైతే పిల్లల కేకలతో, ఫొటోలతో గోలగోలగా ఉంటుంది. నది మధ్యకు వచ్చాక, తెలిసినవాళ్లెవరైనా ఉంటే, ఇక్ష్వాకుల రాజధాని మన కిందే ఉందని చూపిస్తారు. అందరూ ఓసారి రెయిలింగ్ మీదికి వంగి చూస్తారు. పుల్లారెడ్డిగూడెం ఉన్నదీ అక్కడే.